గడప దగ్గర ఆగడం: శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అపోహల నడుమ క్రీస్తు విశ్వాసాన్ని పంచుకునేవారికి సమగ్ర మార్గదర్శి

ఆమదాలవలస దాటిన తరువాత వచ్చే ఒక చిన్న ఊరిలో, అరుగు మీద కూర్చొని చింతపండుకు గింజలు తీస్తున్న ఒక ముసలమ్మ నన్ను ఆపి అడిగింది: "ఏటి బావూ, మొన్న మీ మైకులోన మా అమ్మోరిని దెయ్యమన్నారట. నువ్వు సిన్నప్పుడు జొరమొచ్చి మంచమెక్కితే నీకోసం నాను ఆ అమ్మోరికే మొక్కినాను. మరి నాను దెయ్యానికి మొక్కినట్టేనా?"

మైకు మాదే. ఆ మాట అన్నది నేను కాకపోయినా, అన్న ప్రసంగీకుణ్ణి పిలిచిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇరవై ఏళ్ళుగా కూడికలు నడిపిన అనుభవం ఆ అరుగు ముందు దేనికీ కొరగాలేదు. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేర్చుకున్నదే. తన విశ్వాసాన్ని పొరుగువారితో పంచుకోవాలనుకునే సాధారణ విశ్వాసి కోసం దీనిని రాస్తున్నాను. సభలు పెట్టేవారికీ కొంత పనికిరావచ్చును గానీ, వారికంటే ముందు, అదే వీధిలో పుట్టి అదే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకునేవారికి ఇది అవసరం.

మొదటి అడుగు: తలుపు ఎందుకు మూసుకున్నదో తెలుసుకోవడం

మనలో చాలామంది, వినడానికి ఇష్టపడని వ్యక్తిని "హృదయం కఠినమైనవాడు" అని తేల్చేసి వెళ్ళిపోతాము. ఆయన మనసులో ఉన్న అభ్యంతరం ఏమిటో మాత్రం అడగము. మన ప్రాంతంలో వినిపించే అభ్యంతరాలు ముఖ్యంగా మూడు: ఇది దొరల మతమని, ఇది ఫలానా కులాల మతమని, డబ్బుకో వస్తువుకో ఆశపడి మారినవాళ్ళ మతమని.

దొరల మతమన్న మాటకు కోపం తెచ్చుకోకుండా, చరిత్రను ఉన్నదున్నట్టు చెప్పడం మేలు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరుకొని, తెలుగు నేర్చుకొని బైబిలు అనువాదానికి పూనుకున్నారు. ఈస్టిండియా కంపెనీ 1813 దాకా మిషనరీలను స్వేచ్ఛగా రానివ్వలేదన్నది ఎంత నిజమో, ఆ తరువాత తెల్లవారి పాలన నీడ వారికి అండగా ఉన్నదన్నదీ అంతే నిజం. రెండింటినీ ఒప్పుకున్నవాడి మాటకే విలువ ఉంటుంది. అయితే ఆ అనువాదంలో వారికి తోడుగా కూర్చున్నవాడు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి. గంజాం ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలను మన సంఘాలు ఈనాటికీ పాడుకుంటున్నాయి. ఆ తరువాత కెనడా బాప్తిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి వంటి చోట్లకు, జర్మనీ లూథరనులు సాలూరుకు వచ్చి బడులు, ఆసుపత్రులు పెట్టారు. సాలూరు కుష్ఠు ఆసుపత్రి పేరు తెలియని పాతతరం వారు ఆ పక్క అరుదు. ఈ వివరాలను వాదనలో గెలవడానికి వాడవద్దు. ఎదుటివారు అడిగినప్పుడు, అడిగినంత వరకే చెప్పండి.

కులాల మతమన్న మాటకు జవాబు చరిత్రలో దొరకదు, మన మందిరంలోనే వెతకాలి. ఆ సంగతి రెండవ అడుగులో చెబుతాను. డబ్బు సంగతి ఆరవ అడుగులో వస్తుంది.

రెండవ అడుగు: మన ఇంట్లోని గోడను ముందు పడగొట్టడం

అపొస్తలుల కార్యములు పదవ అధ్యాయంలో యూదుడు కాని రోమా శతాధిపతి కొర్నేలీ ఇంటికి వెళ్ళిన యూదుడు పేతురును ఒకసారి నిదానంగా గమనించండి. మారవలసినవాడు కొర్నేలీ అని మనం అనుకుంటాము గానీ, ముందుగా మారినవాడు పేతురు. "దేవుడు పక్షపాతి కాడని" తాను గ్రహించినట్టు ఒప్పుకున్న తరువాతే ఆయన నోట సువార్త వచ్చింది. అది పేతురుకు మూడుసార్లు దర్శనం వస్తే గాని తలకెక్కని పాఠమన్నది మరచిపోకూడదు.

మన జిల్లాల్లో మాలలు, పైడివారు, రెల్లివారు, తీరం వెంట జాలరులు, కొండ దిగువన సవరలు, జాతాపులు, ఈమధ్య కొన్ని కాపు, కాళింగ, వెలమ కుటుంబాలు విశ్వాసులుగా ఉన్నారు. అందరూ ఒకే చాప మీద కూర్చొని పాడుతారు. ఆరాధన ముగిసి టీ వచ్చేసరికి ఎవరి గ్లాసులు వారివి. పెళ్ళి సంబంధం మాట వచ్చిందంటే ఇక చెప్పనే అక్కరలేదు. ఊళ్ళోవాళ్ళు మన ప్రసంగం వినకపోయినా దీనిని మాత్రం శ్రద్ధగా చూస్తారు. "మీలోన నేదా కులం?" అని ఒక్క మాట అంటారు, అక్కడితో సువార్త ఆగిపోతుంది.

కాబట్టి బయటికి వెళ్ళే ముందు మీ సంఘంలో నాలుగు విషయాలు చూసుకోండి. ప్రేమవిందు వంట ఎవరి చేతిమీదుగా జరుగుతున్నది, ఆ వంటను అందరూ తింటున్నారా, లేక కొందరు "కడుపు బాగులేదు" అంటూ ఇంటికి పోతున్నారా? వాక్యం చదవడానికి, కానుకల లెక్క రాయడానికి ఎప్పుడూ ఒకే కులం వారు లేస్తున్నారా? ప్రభురాత్రి భోజనంలో పాత్ర ఎవరి దగ్గర మొదలై ఎవరి దగ్గర ముగుస్తున్నది? సమాధుల స్థలంలో గీత ఉన్నదా? వీటిలో ఒక్కటైనా సరిదిద్దిన తరువాత గడప దాటండి. అన్నీ సరిదిద్దేదాకా ఆగాలంటే ఎవ్వరమూ వెళ్ళలేము.

పై కులాల నుంచి వచ్చిన విశ్వాసికి ప్రత్యేకంగా ఒక పని ఉన్నది. యూదులు సాంగత్యం చేయని సమరయ జాతి స్త్రీతో యేసు సంభాషణ ఆమెను దాహమడగడంతో మొదలయింది. ఇవ్వడానికి వెళ్ళినవాడు ముందుగా పుచ్చుకున్నాడు. రెల్లివీధిలోని ఇంటికి వెళ్ళినప్పుడు, వారు మొహమాటంతో కూల్‌డ్రింకు తెప్పించబోతే ఆపి, "కుండలో నీళ్ళు ఇవ్వండి, చాలు" అని అడిగి తాగండి. ఆ వీధి మొత్తానికి ఆ సాయంత్రం అదే వార్త అవుతుంది.

మూడవ అడుగు: నోట్లోని మాటలను ఏరుకోవడం

మనం మందిరంలో అలవాటుగా వాడే కొన్ని మాటలు బయట రాళ్ళలాగా తగులుతాయి. "అన్యులు" అన్నది అటువంటి మాటే. గ్రంథంలో అది యూదులు కానివారిని సూచించేది, ఆ లెక్కన మనమూ అన్యులమే. పక్కింటివారిని వెనుక "అన్యులు" అని, ఎదుట "అత్తా, మావయ్యా" అని పిలిచే నాలుకను వారు ఎంతకాలం నమ్మగలరు? "చీకటిలో ఉన్నవారు", "విగ్రహాలకు బానిసలు" వంటివి ప్రార్థనలో కూడా మానేయండి. తలుపులు తెరిచి ఉన్న ఇంట్లో చేసే ప్రార్థన వీధంతా వింటుంది.

ఇతరుల దేవతలను ఎగతాళి చేయడం పూర్తిగా మానవలసిన పని. చట్టం సంగతి తరువాత చెబుతాను, ఇది ముందు మర్యాదకు సంబంధించినది. పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం నాడు విజయనగరం వీధుల్లోనో, రథసప్తమి నాడు అరసవల్లిలోనో కరపత్రాలు పంచడం ధైర్యమని కొందరు యువకులు అనుకుంటారు. పెళ్ళి జరుగుతున్న ఇంట్లోకి వెళ్ళి మరొక సంబంధం గురించి మాట్లాడేవాణ్ణి మనం ధైర్యవంతుడు అంటామా?

రాళ్ళవంటివి కాకపోయినా, అర్థం కాని మాటలు మరికొన్ని ఉన్నాయి. "రక్షణ పొందావా?" అని అడిగితే, పొలం గట్టు తగాదాలో ఉన్న రైతుకు పోలీసులు గుర్తుకొస్తారు. "కృప", "నీతిమంతుడు", "మారుమనస్సు" వంటి పదాలు గ్రాంథికపు బైబిలులో పెరిగిన మనకు తేనె, వారికి అవి గుడిలోని సంస్కృతంతో సమానం. "నా మనసులో ఉన్న భయం పోయింది", "చేసిన తప్పుకు క్షమాపణ దొరికిందన్న నిబ్బరం కలిగింది" అని చెప్పి చూడండి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల భాషను పట్టుదలగా నేర్చుకొని, వారికోసం ఆ భాషలో పుస్తకాలు రాశారు. ఆయన మత ప్రచారకుడు కాడు, అయినా సీతంపేట కొండల వైపు వెళ్ళే సువార్తికులకు ఆయన ఒరవడి పనికివస్తుంది.

నాలుగవ అడుగు: ఊరి పొరుగుగా బతకడం

నా లెక్కలో మన పల్లెల్లో నిజమైన గొడవలు సిద్ధాంతం మీద రావు. చందా మీద, ప్రసాదం మీద, చావు మీద, బొట్టు మీద వస్తాయి.

గ్రామదేవత పండుగకు ఇంటికింత అని చందా వేస్తారు. విశ్వాసి ఇవ్వనంటాడు. "ఊరిలో ఉంటూ ఊరికి ఇవ్వవా?" అని పెద్దలు నిలదీస్తారు. అంతే, కుళాయి దగ్గర మాటలు ఆగిపోతాయి. ఇక్కడ ముందుచూపు ఉండాలి. పండుగకు నెల ముందే పెద్దల దగ్గరికి వెళ్ళి, "పూజ ఖర్చులో నా మనస్సాక్షి కలవదు, కానీ వీధి దీపాలకు, తాగునీటికి, కాలువ బాగుచేతకు మా వంతు కంటే ఎక్కువే ఇస్తాము" అని చెప్పి, ఆ డబ్బును అక్కడే చేతిలో పెట్టండి. చందా పుస్తకం గడప దాకా వచ్చిన తరువాత చెప్పే సిద్ధాంతం ఎగవేతలాగా వినిపిస్తుంది. ముందే ఇచ్చిన డబ్బుకు ఆ అనుమానం ఉండదు. ప్రతి ఊరిలోనూ ఇది నెగ్గుతుందని చెప్పను, నెగ్గిన ఊళ్ళను మాత్రం చూశాను.

ప్రసాదం విషయంలో సంఘాలు ఒకే మాట మీద లేవు. పౌలు కొరింథీయులకు రాసిన సలహాలో కూడా ఇతరుల మనస్సాక్షిని గురించిన జాగ్రత్తే ముఖ్యంగా కనిపిస్తుంది. మీరు తీసుకోకూడదనుకుంటే రెండు చేతులూ జోడించి, "పెద్దమ్మా, మీ ప్రేమ నాకు తెలుసు, నా నమ్మకం కారణంగా తినలేను, ఏమీ అనుకోవద్దు" అని ఎదుటే చెప్పండి. తీసుకొని వెళ్ళి కాలువలో పారవేయడం ఎంతమాత్రం తగదు. చెత్తకుప్పలో కనిపించిన ఒక్క కొబ్బరిముక్క ఒక ఊరి మనసును ఏళ్ళ తరబడి విరిచేసిన సంగతి నాకు తెలుసు.

చావు ఇంటి విషయంలో ఒకే సూత్రం: పని చేయండి, ప్రసంగించవద్దు. సామియానా కట్టించడం, కట్టెలు మోయడం, దూరపు చుట్టాలను రైలు స్టేషను నుంచి తీసుకురావడం, ఏడ్చి అలసినవారికి కాఫీ కాచి ఇవ్వడం వంటి వాటికి ఏ మతమూ అడ్డురాదు. మన ఇంట్లో చావు జరిగినప్పుడు భూస్థాపన కూడికకు ఊరంతా వస్తుంది. అదే అదునని, వచ్చినవారిని నరకం పేరు చెప్పి భయపెట్టే ప్రసంగాలు విన్నాను. ఓదార్చడానికి వచ్చిన పొరుగువాడు బెదిరింపు విని వెళ్ళిపోతే, మరొక చావుకు అతను వీధి చివరనే నిలబడతాడు.

ఇక బొట్టు. భర్త బతికి ఉండగా కోడలు బొట్టు, గాజులు తీసేస్తే, మన ఇళ్ళల్లో అత్తగారికి అది మతమార్పిడిగా కనబడదు, తన కొడుకు ఆయుష్షుకు అపశకునంగా కనబడుతుంది. ఆ తల్లి భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే ఆ ఇంటి తలుపు శాశ్వతంగా మూసుకుంటుంది. బొట్టు మాట గ్రంథంలో ఎక్కడా లేదు. దానిని సంఘంలో చేరడానికి షరతుగా పెట్టవద్దు, తీయమని ఎవ్వరికీ చెప్పవద్దు. ఆ స్త్రీ తన ఇంటివారితో మాట్లాడుకొని, తన వేళకు తాను నిర్ణయించుకుంటుంది. పాస్టరుగారి నిర్ణయం కాదది. ఈ విషయంలో నాతో విభేదించే పెద్దలున్నారని ఎరిగే రాస్తున్నాను.

ఐదవ అడుగు: చట్టాన్ని తెలుసుకొని, నిజాయితీగా చెప్పడం

రాజ్యాంగం 25వ అధికరణం ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి, ఇతర ప్రాథమిక హక్కులకు లోబడి మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను అందరికీ ఇస్తున్నది. ప్రచారమంటే తన నమ్మకాన్ని వివరించి చెప్పడమే గానీ మరొకరిని మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ప్రభుత్వం ప్రకటించిన దేవాలయ ప్రాంతాల్లో ఇతర మతాల ప్రచారాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో 2007లో చట్టం వచ్చింది. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు నుంచి సరిహద్దు దాటి ఒడిశా గ్రామాలకు వెళ్ళేవారు, బలవంతంతో, ప్రలోభంతో, మోసంతో జరిగే మతమార్పిడిని శిక్షించే చట్టం అక్కడ 1967 నుంచి ఉన్నదని గుర్తుంచుకోవాలి. ఒక వర్గం మతవిశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానించడం భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షను కింద నేరం. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు నిషిద్ధం, మిగతా వేళల్లోనూ అనుమతి కావాలి. అనుమతి కాగితాన్ని జేబులో ఉంచుకోండి.

అంతకంటే సున్నితమైన సంగతి ఒకటున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే షెడ్యూల్డు కులాల హోదా వర్తిస్తుంది. క్రైస్తవ్యంలోకి వచ్చిన షెడ్యూల్డు కులాలవారు మన రాష్ట్రంలో బీసీ-సి (వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు) జాబితాలోకి వస్తారు. షెడ్యూల్డు తెగల ఉత్తర్వు వేరు, అందులో మతం షరతు లేదు. బాప్తిస్మం అడిగిన దళిత యువకుడికి ఈ సంగతి ముందే చెప్పకపోవడం, "కాగితాల మీద అలాగే ఉండనీ" అని సలహా ఇవ్వడం మన సంఘాల్లో పాతుకుపోయిన దురలవాటు. ఆ ఉత్తర్వు న్యాయమైనదా కాదా అని వాదించే హక్కు మనకు ఉన్నది. ఒకరి చదువునూ ఉద్యోగాన్నీ ప్రభావితం చేసే సంగతిని దాచే హక్కు మాత్రం లేదు.

ఆరవ అడుగు: సహాయాన్నీ సువార్తనూ వేరువేరు సంచుల్లో పెట్టడం

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతమైన ఉద్దానంలోని కొబ్బరి, జీడితోటలను నేలకూల్చినప్పుడు ఎందరో సాయం తెచ్చారు. బియ్యం సంచిలో కరపత్రం పెట్టి ఇచ్చినవారూ ఉన్నారు. ఆకలితో ఉన్న మనిషి ఆ కాగితాన్ని కాదనలేడు, అందుచేత ఔనన్నా దానికి విలువ లేదు. సాయం చేసిన రోజున విశ్వాసం గురించి మాట్లాడవద్దు. "ఎందుకు చేస్తున్నారు?" అని వారే అడిగితే ఒక వాక్యంలో జవాబు చెప్పి, మళ్ళీ బస్తా ఎత్తండి.

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఇంటింటి బాధ. అక్కడ ప్రార్థన కోరేవారు ఏ మతంలోనైనా ఉన్నారు. ప్రార్థించండి. కానీ స్వస్థత కలుగుతుందని మాట ఇవ్వవద్దు, డయాలసిస్ గానీ మందులు గానీ మానమని నోటితోనే కాదు, సూచనగా కూడా అనవద్దు. వీలైతే ప్రార్థన ముగించి, వారిని పలాస ఆసుపత్రికి మీరే బండి మీద తీసుకువెళ్ళండి.

ఏడవ అడుగు: అనుమతి అడిగి మాట్లాడడం

ఇంతదాకా వచ్చిన తరువాత మాట్లాడడం పెద్ద కష్టం కాదు. స్త్రీలతో స్త్రీలే కూర్చోవడం, ఇంటి పెద్ద లేని వేళ వెళ్ళకపోవడం, పిల్లలతో తల్లిదండ్రులకు తెలియకుండా మాట్లాడకపోవడం మన ఊళ్ళ మర్యాద. పొలం పనుల రోజుల్లో, ఊడ్పుల వేళ అసలు వెళ్ళవద్దు. వెళ్ళినా నాట్లు వేయడానికే వెళ్ళండి.

పక్కింటి అక్కతో మాట ఇలా సాగవచ్చు. "అప్పా, మొన్న బావకు బాగులేనప్పుడు మీరు చాలా దిగులుపడ్డారు. నాకూ అటువంటి రోజులు వచ్చాయి, అప్పుడు నన్ను నిలబెట్టిన సంగతి ఒకటి చెప్పమంటారా?" ఆమె "ఇప్పుడొద్దులే అమ్మీ" అంటే, "సరే అప్పా" అని అక్కడితో ఆపి, బియ్యంలో రాళ్ళు ఏరడంలో చేయి కలపండి. మళ్ళీ మీ అంతట మీరు ఎత్తవద్దు. "చెప్పు" అంటే ఐదు నిమిషాలకు మించకుండా మీ కథ చెప్పండి, ఆమె దేవుడితో పోల్చకుండా చెప్పండి. ఆ తరువాత ఆమె నమ్మకం గురించి అడిగి, మీరు మాట్లాడినంతసేపు వినండి. "సాత్వికముతోను భయముతోను" సమాధానం చెప్పమని పేతురు రాసినది, అడిగేవారికి చెప్పే సమాధానం గురించే.

వద్దని చెప్పగలిగే స్వేచ్ఛ ఎదుటివారికి ఉన్నదని వారికి నమ్మకం కలగాలి. మన పద్ధతుల్లో ఏది మంచిదో ఏది చెడ్డదో తేల్చుకోవడానికి నేను వాడే కొలబద్ద ఇదొక్కటే: ఈ పని వల్ల వారు "వద్దు" అనడం తేలికవుతుందా, కష్టమవుతుందా? బియ్యం సంచిలో కాగితం కష్టం చేస్తుంది, చావు ఇంటి ప్రసంగం కష్టం చేస్తుంది, స్వస్థత వాగ్దానం మరీ కష్టం చేస్తుంది.

ఎవరైనా నిజంగా ఆసక్తి చూపితే తొందరపడవద్దు. కుటుంబం నుంచి విడదీయవద్దు, రహస్య బాప్తిస్మాలు ఇవ్వవద్దు, ఇంటివారికి తనే చెప్పుకొనే సమయం ఇవ్వండి. ఎవరైనా అడ్డగించి గొడవకు దిగితే నోరు జారకుండా అక్కడి నుంచి వచ్చేసి, ఊరి పెద్దలతో మాట్లాడండి. దెబ్బలు, బెదిరింపుల దాకా వస్తే రాతపూర్వకంగా పోలీసులకు ఫిర్యాదు చేయండి. ఆ వీడియోను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే మాత్రం, తగ్గే గొడవ కాస్తా పక్క మండలానికి పాకుతుంది.

ఎనిమిదవ అడుగు: తప్పు జరిగితే తిరిగి వెళ్ళడం

ఆ ముసలమ్మ ఇంటికి నేను మళ్ళీ వెళ్ళడానికి రెండు నెలలు పట్టింది. సంఘ పెద్దలతో కూర్చొని, ఇకపై బయటి ప్రసంగీకులకు ఏమి మాట్లాడకూడదో ముందే చెప్పాలని తీర్మానించుకోవడానికి ఒక నెల పోయింది. మిగతా నెల నా సిగ్గుకు పోయింది. అరుగు ముందు నిలబడి, "ఆ రోజు అన్న మాట తప్పు మామ్మా, మమ్మల్ని క్షమించాలి. నా కోసం మొక్కిన నీ ప్రేమను దెయ్యానికి ముడిపెట్టే హక్కు మాకు లేదు" అన్నాను. మా ఇద్దరి నమ్మకాలూ ఒకటేనని నేను అనలేదు, ఆమె అడగనూ లేదు.

ఆమె పక్కనున్న పీట లాగి వేసింది. కాసేపు పనసచెట్టు కాపు గురించి, విశాఖలో పనిచేసే మనవడి గురించి చెప్పుకొచ్చింది. లేవబోతుంటే ఆపి, "మీ కీర్తన ఒకటి నాకు బాగుంటాది. ఇప్పుడు పాడు బావూ, మైకు నేకండా" అంది.